ఫిరంగి చెవుల గుట్టు

ఫిరంగి మొట్టమొదట తల విదిలించిన రోజున వాచీలాయన దాన్ని తెగ మెచ్చుకున్నాడు. ఎవరో పెద్దమనిషి మెరిసిపోయే చేతిగడియారం ఒకటి తెచ్చి, ఇది అసలు సిసలు సరుకు, మా తాతల నాటిది అని గొప్పలు పోతుంటే, బల్ల కింద పడుకున్న కుక్క లేచి నిలబడి, చెవులు రెండూ టపటపలాడేలా తల అడ్డంగా ఊపింది.

"చూశారా, మావాడు కూడా ఒప్పుకోవడం లేదు," అన్నాడు వాచీలాయన.

పెద్దమనిషి ముఖం మాడ్చుకుని వెళ్ళిపోయాడు. ఆ ముచ్చటను వాచీలాయన కొట్టుకు వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పుకుని మురిసిపోయాడు.

ఆ మురిపెం ఎన్నాళ్ళో నిలవలేదు. మంచి వాచీ తెచ్చినా కుక్క తల ఊపింది, పాడు వాచీ తెచ్చినా ఊపింది. అన్నం గిన్నె ముందు పెట్టినా ఊపింది. వెనక కాలితో చెవి వెనక బరబరా గోక్కుని, కుయ్యోమని మూలిగి, చెవిని బల్ల కోడుకేసి రుద్దడం మొదలుపెట్టింది. అది అలా రుద్దినప్పుడల్లా బల్ల ఊగేది. బల్ల ఊగితే దాని మీద విప్పి పెట్టిన వాచీల తాలూకు మరలు, చక్రాలు, ఆవగింజల్లాంటి స్క్రూలు నేలంతా చెల్లాచెదురయ్యేవి. వాచీలాయన కంటికి భూతద్దం తగిలించుకుని మోకాళ్ళ మీద పాకుతూ వాటిని ఏరుకోవడం, సరిగ్గా అప్పుడే ఎవరో ఒకరు కొట్లోకి రావడం మామూలైపోయింది.

వీధికి ఉన్న గది కొట్టు, దాని వెనక గదులు ఇల్లు. ఇంట్లో ఉండేది ఆయన, ఆయన భార్య, భార్య తల్లి, ఫిరంగి. భార్య ఒక బడిలో గ్రంథాలయం చూసుకుంటుంది. సాయంత్రానికి ఇల్లు చేరుతుంది. అత్తగారికి ఒంట్లో చక్కెర ఎక్కువ, మోకాళ్ళలో నొప్పి ఎక్కువ. రోజూ కాసేపు నడిస్తే రెండూ అదుపులో ఉంటాయని ఆవిడ డాక్టరు చెప్పాడు. అందుకని పొద్దు వాలగానే ఫిరంగి మెడకు తాడు కట్టుకుని పార్కుకు బయల్దేరుతుంది. ఎండైనా వానైనా ఆ నడక మానదు. అత్తగారి పట్టుదల చూసి అల్లుడికి లోలోపల గౌరవం కూడా కలిగింది.

ఇక ఫిరంగి సంగతి. దాని చెవులు మడతపెట్టి ఆరేసిన తువ్వాళ్ళలా వేలాడుతుంటాయి. మొరిగితే మాత్రం కొట్లో గోడ గడియారాల అద్దాలు గలగలమంటాయి. పేరు అందుకే వచ్చింది. పిల్లగా ఉన్నప్పుడు ఒకసారి అది ఒక పిల్లిని గోడ మీదిదాకా తరిమింది. అప్పటి నుంచి వాచీలాయన దృష్టిలో ఫిరంగి పిల్లిజాతికి పుట్టు శత్రువు. "పిల్లి వాసన తగిలితే మావాడికి ఒళ్ళు తెలీదు," అని చెప్పుకోవడం ఆయనకు సరదా.

ఆ ఇంట్లో ఎత్తకూడని మాట ఒకటుంది. అది సోఫాలాయన మాట.

సోఫాలాయన వాచీలాయనకు తోడల్లుడు. భార్య చెల్లెలి మొగుడు. రెండు వీధుల అవతల సోఫాలు, కుర్చీలు కుట్టే షెడ్డు పెట్టుకుని, అందులోనే కాపురం ఉంటున్నాడు. షెడ్డు తెరిచిన రోజున వాచీలాయన తన చేత్తో బిగించిన గోడ గడియారాన్ని తీసుకెళ్ళి కానుకగా తగిలించాడు. కొన్నాళ్ళకు నలుగురు బంధువులు కూర్చున్నచోట సోఫాలాయన దాని వంక చూసి, "అన్నయ్య గడియారం మంచి మనసున్నది, పనివాళ్ళు అలిసిపోకుండా కాస్త నెమ్మదిగా నడుస్తుంది," అని నవ్వాడు. అందరూ నవ్వారు. వాచీలాయన నవ్వలేదు. నువ్వు మా ఇంటికి పంపిన సోఫా సంగతేమిటి, దాని మీద మనిషి కూర్చుంటే ఒకసారి, లేస్తే ఒకసారి దాని కిర్రుమన్న మోతకు వీధి వీధంతా తిరిగి చూస్తోంది, అన్నాడు. అందరూ మళ్ళీ నవ్వారు. ఈసారి సోఫాలాయన నవ్వలేదు. మాటా మాటా పెరిగింది. గడియారం ఇటు వచ్చేసింది, సోఫా అటు వెళ్ళిపోయింది. మా ఇంటి మనిషి ఎవరూ ఆ గడప తొక్కడానికి వీల్లేదని వాచీలాయన ఇక్కడ ఆజ్ఞ వేశాడు. వాళ్ళ నీడ కూడా నా షెడ్డులో పడకూడదని సోఫాలాయన అక్కడ ఆజ్ఞ వేశాడు. ఆడవాళ్ళు ముగ్గురూ తలలూపారు. అంత తేలిగ్గా ఎలా ఒప్పుకున్నారని మగవాళ్ళిద్దరిలో ఏ ఒక్కరికీ అనుమానం రాలేదు.

కుక్క చెవి గురించి తలా ఒక వైద్యం చెప్పారు. గాలి పట్టేసిందన్నాడు ఎదురింటి ఇస్త్రీ అతను. తలకు గుడ్డ కట్టమన్నాడు. కడితే ఫిరంగి పంటినొప్పి వచ్చిన ముసలమ్మలా తయారై, సిగ్గుతో మంచం కింద దూరింది. అత్తగారు గోరువెచ్చటి నూనె పోద్దామంది. వాచీలాయన మాత్రం ఎవరికీ చెప్పకుండా, కిర్రుమనే గడియారాలకు వేసే సన్న నూనె ఒక చుక్క వేసి చూశాడు. ఫిరంగి ఆయన వంక చూసిన చూపుకు ఆయనకే తల వంచుకోవాలనిపించింది. భార్య సీసా వాసన పసిగట్టి, ఇక మీ వైద్యాలు చాలు, రేపు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళకపోతే నేనే తీసుకెళ్తాను, అని తేల్చి చెప్పింది.

పశువుల డాక్టరమ్మ చురుకైన మనిషి. మాట తక్కువ, పని ఎక్కువ. వాచీలాయన కుక్క తల పట్టుకున్నాడు, అత్తగారు తోక వైపు పట్టుకుంది. డాక్టరమ్మ దీపం ఉన్న సన్నటి గొట్టాన్ని చెవిలో పెట్టి చూసి, దూది పుల్లతో లోపల్నించి కాస్త మురికి తీసింది. అది నల్లగా, పొడిపొడిగా, అచ్చం కాఫీ గింజల పొడిలా ఉంది. దాన్ని ఒక నల్ల కాగితం మీద దులిపి, కాస్త ఓపిగ్గా చూడమంది.

వాచీలాయన జేబులోంచి భూతద్దం తీసి కంటికి తగిలించుకున్నాడు. ముందు ఏమీ కనిపించలేదు. తర్వాత తెల్లటి చుక్క ఒకటి కనిపించింది. చుక్క కదిలింది. దాని పక్కన ఇంకొకటి కదిలింది. చూస్తూ చూస్తూ ఉండగా ఆ నల్లటి పొడిలోంచి తెల్లటి చుక్కలు ఎటు పడితే అటు నడిచి వెళ్ళిపోతున్నాయి. జీవితమంతా చిన్న చిన్న వస్తువులు కదలడం కోసమే పనిచేసిన మనిషికి, ఇవి కదలకుండా ఉంటే బాగుండుననిపించడం అదే మొదటిసారి.

వీటిని మైట్లంటారు, చెవి పురుగులు అని చెప్పింది డాక్టరమ్మ. ఇవి మాంసంలోకి దూరవట. చెవి గొట్టంలో చర్మం మీదే ఉండి, గులిమి, చర్మపు పొట్టు తిని బతుకుతాయట. కానీ దురద మాత్రం ప్రాణం తీస్తుందట. వేలాడే చెవులైతే లోపలికి గాలాడదు కాబట్టి బాధ ఇంకా ముదురుతుంది. వదిలేస్తే కుక్క గోక్కుని గోక్కుని పుండు చేసుకుంటుంది, తల విదిలించీ విదిలించీ చెవి తమ్మెలో రక్తం చేరి బూరెలా ఉబ్బుతుంది. ఇవి గాలికి రావు, నీళ్ళకు రావు. ఒక జంతువు ఇంకొక జంతువుకు దగ్గరగా మెలిగితే అంటుకుంటాయి. జంతువుల కూనలకు త్వరగా అంటుతాయి, బయట తిరిగేవాటికి అంటుతాయి, నాలుగైదు జంతువులు కలిసి పడుకునేచోట అన్నిటికీ అంటుతాయి. అన్నిటికంటే ఎక్కువగా వచ్చేది పిల్లుల నుంచి.

"మీ ఇంట్లో గానీ చుట్టుపక్కల గానీ పిల్లి ఉందా?" అని అడిగింది.

వాచీలాయన భూతద్దం తీసి జేబులో పెట్టుకున్నాడు. ఆయన ముఖం ఎర్రబడింది.

"డాక్టరుగారూ, మావాడు అలాంటివాడు కాదండీ."

"ఎలాంటివాడు కాదు?"

"పిల్లులతో తిరిగేవాడు కాదు."

"నేను వాడి నడవడిక గురించి అడగట్లేదండీ," అంది డాక్టరమ్మ. "చెవుల గురించి అడుగుతున్నాను."

ఆ మాటలు జరుగుతున్నంతసేపూ అత్తగారు గోడ మీద ఆవు పళ్ళ వరసను చూపించే పటాన్ని మహా శ్రద్ధగా చదువుతోంది. పార్కులో వేరే జంతువులతో కలుస్తుందా అని డాక్టరమ్మ ఆవిణ్ణే అడిగితే, పటం మీంచి కళ్ళు తిప్పకుండా, మేమెవరి జోలికీ పోమమ్మా, తిన్నగా వెళ్తాం తిన్నగా వస్తాం, అంది.

చెవులు శుభ్రం చేసి, చుక్కల మందిచ్చి, కొన్ని వారాలపాటు ఒక్కరోజు కూడా మానకుండా వేయమంది డాక్టరమ్మ. గుడ్లు మందుకు చావవు, అవి పొదిగి బయటికొచ్చేదాకా మందు సాగాలంది. పడుకునే గుడ్డలు వేడినీళ్ళలో ఉతకమంది. గడియారాల నూనె కథ అత్తగారు పనిగట్టుకుని చెప్పేయడంతో, వాచీలకు పనికొచ్చేది చెవులకు పనికిరాదని ఆయన్ను మెత్తగా మందలించి పంపింది.

ఆ రోజు నుంచి ఇంటిల్లిపాదికీ చెవులు దురదపెట్టడం మొదలైంది. మనుషులకు రావడం బహు అరుదని డాక్టరమ్మ చెప్పినా లాభం లేకపోయింది. వాచీలాయన ఏ వాచీ మూత తెరిచినా లోపల తెల్లటి చుక్కలు నడుస్తున్నట్టే అనిపించేది. భార్య బడిలో పుస్తకం తీస్తూ చెవి గోక్కుంటే, ఎదుట నిలబడ్డ పంతులమ్మ కూడా గోక్కుందట. అయినా మందు మాత్రం వేళ తప్పలేదు. ఫిరంగి తల ఊపడం తగ్గింది, మూలుగు ఆగింది, బల్ల మీద స్క్రూలు బల్ల మీదే ఉన్నాయి. వాచీలాయన ఊపిరి పీల్చుకున్నాడు.

పూర్తిగా పీల్చుకునేలోపే మళ్ళీ టపటప మొదలైంది.

డాక్టరమ్మ మళ్ళీ గొట్టం పెట్టి చూసింది, మళ్ళీ కాగితం మీద దులిపింది, మళ్ళీ తెల్లటి చుక్కలు బయల్దేరాయి. మందు తప్పు కాదంది. పాతవి పోయాయి, ఇవి కొత్తగా వచ్చినవి.

"వీడికి ఎక్కడో ఒక స్నేహం ఉందండీ. ఆ స్నేహానికి కూడా మందు వేస్తే గానీ ఇది తెగదు. కనిపెట్టడం మీ పని. తాడు వదులుగా పట్టుకుని, వాడు ఎటు లాగితే అటు వెళ్ళి చూడండి."

అత్తగారు ఈసారి గేదె కడుపులోని అరలను చూపించే పటం దగ్గరికి జరిగింది.

ఇంటికి రాగానే వాచీలాయన ప్రకటించాడు: ఇక నుంచి సాయంత్రం కుక్కను తనే తిప్పుతాడు. ఆ మాటకు అత్తగారి చేతిలో గ్లాసు ఆగిపోయింది. నా మోకాళ్ళు బిగుసుకుపోతాయి నాయనా, అంది. భార్య అయితే, కొట్టు వదిలేసి మీరెళ్ళడం ఏమిటి, జనం ఏమనుకుంటారు, అని ఎప్పుడూ లేనంత గట్టిగా అడ్డుపడింది. వాచీలాయన వినలేదు. మర్నాడు సాయంత్రం అయ్యేసరికి అత్తగారికి హఠాత్తుగా జలుబు చేసింది. దుప్పటి ముసుగేసుకుని పడుకుంది. భార్యకు కళ్ళజోడు కాడ వదులైందని గుర్తొచ్చింది, బిగించుకొస్తానని వెళ్ళింది. వాచీలాయన కొట్టు మూసి, తాడు పట్టుకుని బయల్దేరాడు.

వీధి మలుపులో పార్కు కుడివైపు. ఫిరంగి అక్కడిదాకా బాగానే వచ్చి, మలుపులో బండరాయిలా చతికిలబడింది. ఎంత లాగినా కదల్లేదు. డాక్టరమ్మ చెప్పిన మాట గుర్తున్నా, పార్కుకు వెళ్ళే కుక్క పార్కుకే వెళ్ళాలి గదా అని ఆయన దాన్ని ఇంచుమించు ఈడ్చుకునే వెళ్ళాడు. పార్కు గేటు దగ్గర కూర్చున్న కాపలా మనిషి కుక్కను చూసి ముచ్చటపడ్డాడు.

"కొత్తగా తెచ్చుకున్నారా సార్? ఈ కుక్కని ఎప్పుడూ చూళ్ళేదే."

రోజూ వస్తుంది కదయ్యా, పెద్దావిడతో, అన్నాడు వాచీలాయన. కాపలా మనిషి తల అడ్డంగా ఊపాడు. తను పొద్దున్నుంచీ ఇక్కడే ఉంటానని, పెద్దావిడా లేదు, కుక్కా లేదని చెప్పాడు.

వాచీలాయన కాపలా మనిషి వంక, కుక్క వంక మార్చి మార్చి చూశాడు. తర్వాత తాడు వదులు చేశాడు.

ఫిరంగి ఎవరో పిలిచినట్టు వెనక్కి తిరిగింది. మలుపు దాటింది, ఇస్త్రీ బండి దాటింది, తాళంచెవులు చేసే అతని గొడుగు దాటింది, ఎడమ సందులోకి తిరిగింది. దాని నడకలో తడబాటు లేదు, వెతుకులాట లేదు. ఉద్యోగం నుంచి ఇంటికొస్తున్న మనిషి నడకలా ఉంది. దారి ఎటు పోతోందో అర్థమవుతున్నకొద్దీ వాచీలాయన నడక నెమ్మదించింది. సోఫాల షెడ్డు కనిపించింది. ఫిరంగి ముందు తలుపు వైపు చూడనైనా లేదు. పక్క సందులోంచి పెరటి తలుపు దగ్గరికి వెళ్ళి, కాలితో రెండుసార్లు గీరి, పట్టా మీద కూర్చుంది.

లోపల్నించి నవ్వు వినిపించింది. ఆడమనిషి నవ్వు, ఆపుకోలేక, ఊపిరందక, మళ్ళీ మొదలయ్యే నవ్వు. ఎవరో బాగా సంతోషంగా ఉన్న మనిషి, అనుకున్నాడు వాచీలాయన.

"ఫిరంగీ, వచ్చావా నాన్నా?" అంటూ మరదలు తలుపు తీసింది. "నిన్నెవరు తీసుకొచ్చారు? అమ్మ ఎప్పుడో..."

మాట అక్కడే ఆగిపోయింది. ఆమె చేతిలో పేక ముక్కలు గాలికి విసనకర్రలా విచ్చుకుని ఉన్నాయి. ఆమె భుజం మీదుగా లోపలికి చూస్తే, జలుబు చేసిన అత్తగారు దుప్పటి కూడా లేకుండా నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది. ఆ మోకాళ్ళు అలా మడతపడగలవని ఆయనకు ఇంతవరకూ తెలియదు. ఆవిడ పక్కన చక్కెర బాగా దట్టించిన టీ గ్లాసు. ఎదురుగా ఆయన భార్య. కళ్ళజోడు ముక్కు మీద దిట్టంగానే ఉంది. నవ్వింది ఆమే. ఆ నవ్వు ఇంకా ముఖం మీంచి పూర్తిగా దిగిపోలేదు. ఇన్నేళ్ళుగా ఒకే కప్పు కింద ఉంటూ భార్య నవ్వును గోడ అవతల్నించి విని పోల్చుకోలేకపోయానని తట్టేసరికి, కోపంతో తెరిచిన నోరు ఎందుకు తెరిచాడో మరిచిపోయాడు.

ఎవరు ఏం మాట్లాడేలోపూ ఫిరంగి ఆయన పక్కనుంచి లోపలికి దూరి, కొత్తగా కుట్టిన నీలం రంగు సోఫా ఎక్కింది. సోఫా మూల ఒక మచ్చల పిల్లి పడుకుని ఉంది. దాని పొట్ట దగ్గర మూడు కూనలు. పిల్లి కన్ను కూడా తెరవలేదు. కాస్త జరిగి చోటిచ్చిందంతే. ఒక కూన ఫిరంగి చెవి పట్టుకుని వేలాడింది. ఇంకొకటి రెండో చెవి కిందికి దుప్పటి కిందికి దూరినట్టు దూరిపోయింది. ఫిరంగి హాయిగా కళ్ళు మూసుకుంది.

"ఫిరంగీ," అన్నాడు వాచీలాయన మెల్లగా.

కుక్క ఒక కన్ను తెరిచి చూసి, మళ్ళీ మూసుకుంది.

పెళ్ళాం, అత్తగారు తనకు చెప్పకుండా వచ్చారంటే దిగమింగుకోగలడు. అన్నం పెట్టి, చెవిలో మందు పోసి, వీడి శీలం మీద డాక్టరమ్మతో వాదించి వచ్చిన తన ముందు వీడిలా పడుకోవడం ఆయన దిగమింగుకోలేకపోయాడు.

సరిగ్గా అప్పుడు ముందు తలుపు తెరుచుకుంది. ఇచ్చి రావలసిన కుర్చీలు తొందరగా ఇచ్చేసి, మెడలో టేపు వేలాడేసుకుని సోఫాలాయన ఇంటికొచ్చాడు. రోజూ ఆ వేళకు ఆయన ఊళ్ళో సరుకు దింపుతూ ఉంటాడు. ఆడవాళ్ళ పేకాట సరిగ్గా ఆ ఖాళీలోనే నడుస్తోంది. పెరటి గుమ్మంలో వాచీలాయన, వీధి గుమ్మంలో సోఫాలాయన. ఇద్దరి ముఖాల్లోనూ ఒకే వెర్రి చూపు. నడుమ నేల మీద పేక ముక్కలు.

"ఈ వెంట్రుకలు... ఇవి నా ఫోములో వచ్చినవి కావా?" అన్నాడు సోఫాలాయన, సోఫా వంక చూస్తూ.

కొన్నాళ్ళుగా ఆయన కుట్టిన ప్రతి సోఫా మీదా గోధుమరంగు వెంట్రుకలు కనిపిస్తున్నాయట. ఫోము అమ్మేవాడితో గొడవపడ్డాడు. గుడ్డల దుకాణం మార్చాడు. పైగా, వీధి పిల్లి వచ్చి కొబ్బరిపీచు కుప్పలో కూనల్ని పెడితే, దాన్ని ఉండనిచ్చిందే ఎలకల్నీ కుక్కల్నీ దగ్గరికి రానివ్వదని. మా పిల్లి ఉండగా కుక్క గడప తొక్కదని ఆయన కూడా ఊరంతా చెప్పుకున్నాడు. ఇప్పుడా పిల్లి లేచి, ఒళ్ళు విరుచుకుని, ఫిరంగి చెవిని నాకడం మొదలుపెట్టింది.

ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోరు కాబట్టి ఎవరి పెళ్ళాన్ని వాళ్ళు నిలదీయబోయారు. అత్తగారు చేతిలో ముక్కలు బోర్లించి పెట్టి లేచి నిలబడింది.

"ఇద్దరూ నాకు అల్లుళ్ళే. మీ పౌరుషాలకి నేను నా కూతుళ్ళలో ఒకదాన్ని చూడ్డం మానుకోలేను. ఇన్నాళ్ళూ మీకు తెలీకుండా కలుసుకుని మీ మాట నిలబెట్టాం, అది చాలు. ముందు ఈ మూగజీవాల చెవుల సంగతి చూడండి."

వాచీలాయన ఫిరంగి తాడు అందుకున్నాడు, సోఫాలాయన పిల్లికి బుట్ట వెతకబోయాడు.

మర్నాడు డాక్టరమ్మ దగ్గర బల్లకు ఒక చివర వాచీలాయన కుక్కతో, ఇంకో చివర సోఫాలాయన మూత బిగించిన బుట్టతో కూర్చున్నారు. నడుమ అత్తగారు. పిల్లి చెవుల్లో చూసిన డాక్టరమ్మ, ఇదుగో మీ స్నేహం, అంది. తల్లి చెవుల నిండా పురుగులే, అయినా అది పెద్దగా గోక్కోవడం లేదు. పిల్లులు చాలాసార్లు ఇలాగే పైకి తెలియనీయకుండా మోస్తాయట. కూనలకూ ఉన్నాయి. సోఫాలాయన, మా పిల్లికి ఆ కుక్కే అంటించి ఉండొచ్చు గదా అని గోడతో అన్నాడు. వాచీలాయన, అడగండి డాక్టరుగారూ, ఎవరిది ముందో, అని కిటికీతో అన్నాడు.

"ఎవరిది ముందో పురుగులు చెప్పవండీ," అంది డాక్టరమ్మ. "అన్నిటికీ ఒకేసారి మందు పడాలి. ఒక్కటి మిగిలినా మళ్ళీ అందరికీ మొదలు." కుక్క మందు పిల్లికి, పిల్లి మందు కుక్కకి వేయొద్దని, కుక్కల మందుల్లో కొన్ని పిల్లుల ప్రాణానికే ముప్పని చెప్పి, వేరు వేరు సీసాలిచ్చింది. కూనల్ని తూచి వాటికి తగినంత వేరే ఇచ్చింది.

మందు వేసే పని షెడ్డులోనే పెట్టుకున్నారు. సోఫాలాయన తోలు తొడుగులు వేసుకుని పిల్లిని పట్టుకున్నాడు; సీసా, భూతద్దం వాచీలాయనవి. ఆడవాళ్ళు అవతల గదిలోంచి తొంగి చూస్తున్నారు.

"ఫిరంగీ," అన్నాడు వాచీలాయన కుక్కతో, "ఆ దీపం కాస్త కిందికి దించమని చెప్పరా ఆయనకి."

"దీపం బాగానే ఉంది," అన్నాడు సోఫాలాయన పిల్లితో. "చెయ్యి వణుకుతోందేమో చూసుకోమను."

వాచీలాయన సీసా పక్కన పెట్టాడు. వాచీలో వెంట్రుకంత తీగను ఊపిరి బిగబట్టి కూర్చోబెట్టే చెయ్యి అది. దాన్ని ఇంకెవరైనా అన్నా ఊరుకునేవాడేమో.

"నా చెయ్యి వణుకుతోందా? నా కళ్ళలోకి చూసి చెప్పు."

"చూస్తున్నాగా. వణుకుతోంది. కోపంతో అనుకో," అన్నాడు సోఫాలాయన.

మాట్లాడేసుకున్నామని ఇద్దరికీ ఒక్కసారే తెలిసింది. ఆ దిగ్భ్రమలో సోఫాలాయన పట్టు సడలింది. పిల్లి ఒక్క గెంతు గెంతి ఫోము దొంతర మీదికి, అక్కడినుంచి కిటికీ వైపు లంఘించింది.

"అన్నయ్యా, పట్టుకో!"

వాచీలాయన తొడుగులూ గిడుగులూ లేకుండా రెండు చేతులతో పిల్లిని గాల్లోనే అందుకున్నాడు. అది మణికట్టు నుంచి మోచేతి దాకా గీరేసింది. ఆయన వదల్లేదు. పళ్ళు బిగించి, కానీ తమ్ముడూ, త్వరగా చెవి పట్టు, అన్నాడు. సోఫాలాయన చెవి పట్టాడు, తొడుగుల్లో వేళ్ళు తిరక్క సీసాతో కుస్తీపడి మూడు చుక్కలు నేల మీద పోసి నాలుగోది చెవిలో పోశాడు. ఎవరి చెయ్యి వణికిందో ఆ రోజు తేలలేదు. ఇద్దరూ దాని మీద ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు.

వారాల తరబడి రోజూ ఆ పని సాగింది. గుడ్డలు, పట్టాలు ఉతికారు; పిల్లి పడుకున్న పీచంతా పారేశారు. ఆఖరిసారి చూపించడానికి వెళ్ళినప్పుడు, ఎన్ని చెవులు వెతికినా డాక్టరమ్మకు కాగితం మీద దులపడానికి ఏమీ దొరకలేదు. అల్లుళ్ళిద్దరూ పొంగిపోయారు. అత్తగారు మాత్రం ముఖం వేలాడేసుకుని కూర్చుంది. ఏమైందమ్మా అని డాక్టరమ్మ అడిగితే, అల్లుళ్ళు కుక్కనీ పిల్లినీ తీసుకుని బయటికి వెళ్ళేదాకా ఆగి, మెల్లగా చెప్పుకుంది.

"వీళ్ళిద్దరూ కలిసిపోయారమ్మా. సాయంత్రమైతే ఆ షెడ్డు వదలరు. చెయ్యి చాపుకోడానికి చోటు లేదు, చెవులు చిల్లులు పడేలా వాదనలు. పైగా నా టీలో చక్కెర లెక్కపెడతారు. పురుగులున్నప్పుడే నయం."

డాక్టరమ్మ దానికి మందేమీ ఇవ్వలేదు గానీ, అత్తగారు ఇంటికెళ్ళి తనే ఒకటి ఆలోచించింది. ఆ మర్నాటి నుంచి, వాచీలాయన కొట్టు మూసి ఫిరంగిని తీసుకుని షెడ్డుకు బయల్దేరగానే, మరదలు పెరటి సందులోంచి వాచీలాయన ఇంటికి వచ్చేస్తుంది. ఆగిన గడియారాలూ నడిచే గడియారాలూ వేలాడే ఆ గదిలో తలుపు గడియ పెట్టుకుని ముగ్గురూ ముక్కలు పంచుకుంటారు. కొట్టు ఎందుకు మూశారని ఎవరైనా తలుపు తడితే, అత్తగారు లోపల్నించే, అల్లుడు కుక్కను తిప్పడానికి వెళ్ళాడు, ఆలస్యమవుతుంది, అని చెప్పి ముక్క దించుతుంది.